పొగ లేని మసి

కరీమున్నీసాకి దీపమంటే తుడవాల్సిన వస్తువు. చిన్నప్పుడు లాంతరు చిమ్నీ తుడిచిన ఆ చెయ్యి, ఇప్పుడు పెరట్లో కోడిపిల్లల గంప మీద వేలాడే పాతకాలం బల్బుని కూడా వదలదు. ఇంట్లో ఉన్నవన్నీ ఎల్ఈడీలే. వాటికి వేడెక్కడిది? తల్లికోడిని కుక్క పట్టుకుపోయాక అనకాపల్లి బజారంతా తిరిగితే ఈ ఒక్క బల్బూ దొరికింది. ఇక కోడిపిల్లలకి అదే తల్లి. సాయంత్రం అసర్ నమాజు కాగానే దాన్ని విప్పుతుంది, హా అని ఊపిరి ఊదుతుంది, కొంగుతో గుండ్రంగా రుద్దుతుంది. కొన్నాళ్ళుగా గాజు నల్లబడుతోంది. ముగ్గుపిండితో తోమితే మెరుపైతే వచ్చింది గానీ నలుపు పోలేదు.

"పొగే లేదు గదా, మసెలా పడతాదే?" అని కూతురు నజ్మాని అడిగింది.

"మసి కాదమ్మీ. లోపలి తీగే వేడికి కొంచెం కొంచెం ఆవిరై గాజుకి అంటుకుంటాది. సన్నబడిపోయుంటాది, గట్టిగా రుద్దకు."

"తీగ ఆవిరవడమేటే, అదేమైనా చారా?"

నమ్మక ఇంకాస్త రుద్ది, బిగించి, స్విచ్చి వేసింది. వెలగలేదు. విప్పి చెవి దగ్గర ఊపితే లోపల సన్నగా గలగలమంది. గంపలో కోడిపిల్లలు కీచుమంటూ ఒకదాని కిందికొకటి దూరుతున్నాయి. వాటిని ఒళ్ళో వేసుకుని కొంగు కప్పింది గానీ బల్బు మాత్రం కింద పెట్టలేదు.

"ఆవిరైనా బయటికి పోలేదు గదే. ఇదిగో, అంతా ఇక్కడే ఉంది," అంది నలుపు మీద వేలు పెట్టి. "మరి వెలగదేటే?"