ఏడో నంబరు ఇంజను

పొద్దున ఒక చిన్న మాటు పెట్టాల్సి వచ్చింది. మాటు అంటే తగరం, సీసం కలిపి కరిగించి వేసే అతుకు. ఎనభైకి దగ్గరపడ్డ చేతులు వణుకుతాయి గనక ఆ పని మానేసి చాలా ఏళ్ళయింది. అయినా కుంపటి రాజేసి, రాగి మొన ఉన్న కడ్డీని కాల్చి, మొన శుభ్రపడాలని నవసాగరం గడ్డ మీద రుద్దాను. తెల్లటి పొగ లేచింది. ఆ పొగ ముక్కుకెక్కితే ఎవరికైనా కళ్ళ నీళ్ళు తిరుగుతాయి, గొంతు గరగరమంటుంది. నాకు దానితోపాటు ఒక మనిషి గుర్తొస్తాడు. మనిషికంటే ముందు కుళ్ళు గుర్తొస్తుంది. కావాలనే కుళ్ళు అంటున్నాను. అసూయ అంటే ఆ మాటలో కొంచెం మర్యాద ఉంటుంది, నాకున్నది అంత మర్యాదస్తురాలు కాదు.

ఆ మనిషి పేరు యోబు. నేను మామ అనేవాణ్ణి, ఊరంతా ఇంజన్ యోబు అనేది. నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులు, పై దేశాల్లో యుద్ధం నడుస్తున్నది. నారాయణఖేడ్ బజారులో నాకు రేకుల దుకాణం ఉండేది. ఖాళీ కిరోసిన్ డబ్బాలు కోసి బుడ్డీ దీపాలు, గరాటులు, నూనె కొలిచే పావులు చేసేవాణ్ణి. వయసు ఇరవై మూడో నాలుగో. పని చేతికి బాగా పట్టింది, దానికి రెండింతలు పొగరు నెత్తికెక్కింది. నా మాటు మీద గోరు పెట్టి గీరితే అతుకు ఎక్కడ మొదలైందో తెలియదని అనేవాళ్ళు. అనేవాళ్ళు ఏమిటి, నేనే అందరితో చెప్పుకునేవాణ్ణి.

యోబు మామ పట్నంలో రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు చేశాడు. నిప్పురవ్వ పడి ఒక కన్ను మసకబారితే పని చాలించుకుని సొంత ఊరు వచ్చాడు. ఇల్లు నా దుకాణానికి రెండిళ్ళ అవతల. వచ్చిన మూడో రోజే నా దగ్గరికొచ్చి, కింద పడ్డ రేకు ముక్కలు చూపించి, "గీ తుకడాలు పారేస్తవా, నాకిస్తవా?" అన్నాడు. పారేసేవే గదా అని ఇచ్చాను. ఇవ్వకపోయినా బాగుండేదని తరువాత నేను అనుకోని రోజు లేదు.

ఆ ముక్కలతో అతను జానెడు పొడవు ఇంజన్లు చేసేవాడు. పెద్ద రైళ్ళను లాగే గొప్ప ఇంజన్లు కావు. షెడ్డులో రైలు డబ్బాలను అటూ ఇటూ నెట్టే పొట్టి ఇంజన్లు, ట్యాంకు ఇంజన్లు. తాగే నీళ్ళను తన రెండు పక్కలా తొట్లలో మోసుకుంటుంది గనక ఆ పేరు. ఇరుసులకు విరిగిన గొడుగు కడ్డీ, చక్రాలకు పాత తాళాలు కరిగించి పోసిన ఇత్తడి, పొగ గొట్టానికి దారపు కండె. పత్తి బేళ్ళకు కట్టే ఇనుప పట్టీలను నిలువుగా చెక్కల్లో దిగగొట్టి పట్టాలు చేశాడు. అవి అతని అరుగు మీది నుంచి రెండు వంపులు తిరిగి వాకిట్లోకి దిగేవి. ఇంజను పైన పెట్టి వదిలితే, ఎవరూ నెట్టకుండా, తన బరువుతో తాను కిందికి రావాలి.

ఒకరోజు ఎవరో అడిగారు, పెద్ద ఇంజన్లు ఎందుకు చేయవని. యోబు మామ చేతిలో ఉన్నదాన్ని పసిపిల్లను తిప్పినట్టు తిప్పి చూపించాడు. "పెద్దది ఎనక బొగ్గుల డబ్బా గుంజుకుంట పోతది. అది మళ్ళాలంటే దానికి తిరిగే బల్ల కావాలె, పది మంది కావాలె. గిది గరీబోని ఇంజను. దీని నీళ్ళు దీని దగ్గరనే, దీని బొగ్గు దీని దగ్గరనే. దీనికి ముందు లేదు, ఎనక లేదు. ఎటంటే అటు పోతది." అందుకే అతని దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. కొత్త ఇంజను మొదట మూతి ముందు పెట్టి దిగాలి, తరువాత వీపు ముందు పెట్టి దిగాలి. రెండుసార్లూ పడకుండా దిగితే సన్నటి కుంచెతో తెల్ల రంగు నంబరు వేసి, అరుగు మీది అరలో పెట్టేవాడు. పడిందా, అక్కడికక్కడే విప్పేసేవాడు. అప్పటికి ఆరు నంబర్లు అయ్యాయి.

మా ఊరికి రైలు లేదు. చాలామంది దాన్ని చూడనే లేదు. సిర్గాపూర్ నుంచి, కంగ్టి నుంచి బజారుకొచ్చిన వాళ్ళు నా దుకాణం ముందు నుంచే నడిచి వెళ్ళి అతని వాకిట్లో కూర్చునేవాళ్ళు. బుడ్డీ కొనడానికి వచ్చినవాడు "ఉండు, ఇంజను చూసొస్త" అని అటు పోయి, బుడ్డీ మాట మరిచిపోయి ఇంటికి పోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. నా దీపంతో ఇల్లు వెలుగుతుంది, అతని ఇంజనుతో ఎవడికేం ఒరుగుతుంది అని లోలోపల గొణుక్కునేవాణ్ణి. అతని మాట్లు గరుకుగా, బొప్పెలు కట్టి ఉండేవి. అంత మొరటు చేతి పనిని జనం నోరు తెరిచి చూడటం నేను తట్టుకోలేకపోయాను.

సరే, మనమూ చేద్దామనుకున్నాను. పదిహేను రోజులు కూర్చుని చేశాను. తొట్లకు గీత గీసినట్టు అంచులు, పొగ గొట్టానికి ఇత్తడి కట్టు. చక్రాలు ఎడ్లబండికి ఉన్నట్టే పెట్టాను. ఇరుసు కదలదు, చక్రం దాని మీద తిరుగుతుంది, ఊడిపోకుండా చివర ఒక చీల. పుట్టిన దగ్గర్నుంచి చూసిన బండి అదే. రైలు కూడా బండే కదా. నా ఇంజను అరుగు మీద పెడితే చూసినవాళ్ళంతా బాగుందన్నారు. వదిలాను. తిన్నగా దిగింది, మొదటి వంపు దగ్గర పట్టాలు వదిలేసి మట్టిలో బోర్లా పడింది.

యోబు మామ దాన్ని తీసి, మట్టి దులిపి, మంచి కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. "పనితనం మస్తుంది మల్లేశం. నడువది" అని చేతిలో పెట్టాడు. నా ఇంజన్ని మాత్రం విప్పలేదు, అది కూడా నాకు అవమానంగానే తోచింది. ఎందుకు నడవదో చెప్పలేదు. నేను అడగలేదు. అతను అడిగినవాళ్ళకే చెప్పే మనిషి, నేను చచ్చినా అడగని మనిషిని. మరో రెండు చేశాను. రెండూ అదే వంపు దగ్గర పడ్డాయి.

నా భార్య సత్తెమ్మ రోజూ మధ్యాహ్నం దుకాణానికి బువ్వ తెచ్చేది. నేను తినేదాకా మామ అరుగు దగ్గర నిలబడేది. ఒకరోజు నేను జొన్నరొట్టె నములుతూనే విన్నాను. ఏ సిగ్గూ లేకుండా అడిగేసింది: "మామా, నీ చక్రాలు ఇరుసు మీద తిరుగుతలేవేంది? ఇరుసే తిరుగుతుంది." యోబు మామ ముఖం వెలిగిపోయింది. "కూసో బిడ్డా" అన్నాడు. ఆ రోజు ఆమె గిన్నెలు తీసుకుపోవడానికి రావడం చాలా ఆలస్యమైంది. ఏం చెప్పాడో నేను అడగలేదు. ఆమె చెప్పబోతే, నాకు పనుందన్నాను.

రెండు నెలల్లో సత్తెమ్మ ఒక ఇంజను చేసింది. నా కడ్డీతో, నా తగరంతో, నేను పారేసిన రేకుతో. ఎంత వికారంగా ఉందో చెప్పలేను. ఒక తొట్టి సొట్టబోయింది, పొగ గొట్టం తాగినవాడిలా పక్కకు ఒరిగింది. నేను నవ్వుకుంటూ వెళ్ళి నిలబడ్డాను. మూతి ముందు పెట్టి వదిలింది. మొదటి వంపు దాటింది, రెండో వంపు దాటింది, వాకిలి చివరిదాకా పోయి ఆగింది. తిప్పి పెట్టింది. వీపు ముందు పెట్టుకుని కూడా అట్లాగే దిగింది. యోబు మామ కుంచె తీసి ఆ సొట్ట తొట్టి మీద ఏడు వేశాడు. సత్తెమ్మ నా వైపు చూసింది. నేను మెచ్చుకోవాలని చూసిందని నాకు తెలుసు. నేను దుకాణంలోకి వెళ్ళిపోయాను.

అంతకుముందు అతని మీద ఉన్న కుళ్ళంతా ఆమె మీదికి తిరిగింది. పదిహేను రోజులు ఆమె చేతి బువ్వ తినలేదు, కడుపులో బాగాలేదని బజారులో బొరుగులు కొనుక్కు తిన్నాను. "ఇంజన్లు చేసే ఆడదానికి ఇల్లెందుకు" అని కూడా ఒకసారి అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే కొంచెం తగ్గేదేమో.

ఇంతలో యోబు మామతో షెడ్డులో పని చేసిన పాత దోస్తు ఒకడు పట్నం నుంచి వస్తున్నాడని తెలిసింది. "ఆదివారం ప్రార్థన కాంగనే ఆనికి ముందుగాల ఏడో నంబరు చూపెడత. మా కోడలు చేసిందని చెప్త" అని మామ ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆదివారం అతను ప్రార్థన గుడికి పోయాడు, సత్తెమ్మ బజారుకు పోయింది. నేను అరలోంచి ఏడో నంబరు తీసుకుని దుకాణంలోకి పోయాను. కడ్డీ కాల్చాను. నవసాగరం పొగ లేచింది. ముందు చక్రాల్లో ఒకదాని మాటు కరిగించి, ఇరుసు మీద వదులుగా తిరిగేట్టు చేశాను. ఊడి రాకుండా బయట వైపు ఇరుసు చివర చిన్న తగరం చుక్క వేశాను. పని అయిపోయింది, పెట్టేసి రావచ్చు. కానీ ఆ చుక్క గరుకుగా ఉంది. నా చేతి కింది నుంచి గరుకు మాటు బయటికి పోవడం నాకు అలవాటు లేదు. కూర్చుని నున్నగా తుడిచి, మెరుగు పెట్టి, అప్పుడు తీసుకెళ్ళి అరలో పెట్టాను.

మధ్యాహ్నం అందరూ చేరారు. పట్నం మనిషి ముందు సత్తెమ్మ ఇంజను వదిలింది. మొదటి వంపు దగ్గర, సరిగ్గా నావి పడ్డ చోటే, పడింది. ఎవరో నవ్వారు. సత్తెమ్మ దాన్ని తీసి చక్రం తిప్పి చూసింది. కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. యోబు మామ చేతికిచ్చింది. ఆయన మంచి కంటి దగ్గర పెట్టుకున్నాడు. నేను గుంపు వెనకాల ఉన్నాను. "మాటు వదిలింది. గట్ల అయితది. ఆరో నంబరు చూద్దాం" అన్నాడు మామ. కట్టుబాటు ప్రకారం పడ్డదాన్ని విప్పాలి. విప్పలేదు. చంకన పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున్నే వచ్చి దాన్ని నా ముందు పెట్టాడు. "ఊర్ల ఇంత నున్నటి మాటు పెట్టెటోడు ఒక్కడే ఉన్నడు" అన్నాడు. గొంతు పెంచలేదు. "పాడు చేసుడు గూడ మంచిగ చేసినవ్. ఇగ అతుకు."

కడ్డీ కాల్చి అతికాను. నా జీవితంలో మొదటి గరుకు మాటు అదే. అతను లేవబోతుంటే నా నోట్లోంచి మాట ఊడిపడింది. "మామా, చక్రం ఇరుసుకు ఎందుకు అతకాలె?"

అతను మళ్ళీ కూర్చున్నాడు. ఏడాది నుంచి ఆ ఒక్క ప్రశ్న కోసమే చూస్తున్నట్టు కూర్చున్నాడు. "ఎడ్లబండికి బాట గీత గీసిలేదు. ఎవ్వని తిరుగుడు వానిది. పట్టాల మీద గట్ల కుదరది. గీ చక్రం అంచు చూడు, లోపట లావు, బయట సన్నం. వంపుల రెండు కలిసి కొంచెం పక్కకు జరుగుతయి. బయటి చక్రం లావు మీద నడుస్తది, లోపటిది సన్నం మీద నడుస్తది. ఎవడు ఎంత దూరం పోవాల్నో గంత పోతడు. కని రెండు ఒక్క ఇరుసు పట్టుకుని ఉండాలె. ఒకటి వదిలిందా, రెండు పడ్డయి." నేను వేలుతో అంచు తడిమాను. అంత సన్నటి వాలు, మూడు ఇంజన్లు పడగొట్టుకున్నాక గాని నా వేలికి తగల్లేదు.

తరువాత చేసిన ఇంజను రెండు వైపులా దిగింది. నంబరు వేయమని ముందు పెట్టాను. అతను కుంచె తీసి, తాను వేయక, సత్తెమ్మకు ఇచ్చాడు. పక్కకు పిలిచి నాతో అన్నాడు: "ఎనిమిది నేను రాయ. ఆమె రాస్తది. ఏం చేసినవో ముందుగాల నువ్వే ఆమెకు చెప్పుకో." చెబుతానన్నాను. ఆ సాయంత్రం చెప్పలేదు, ఆ నెల చెప్పలేదు. మరుసటి ఏడు ఎండాకాలంలో యోబు మామ పోయాడు. అప్పుడూ చెప్పలేదు. పిల్లలు పుట్టారు, రాజ్యం మారింది, కరెంటు వచ్చి బుడ్డీలు పోయాయి. ఏడో నంబరు, నంబరు లేని నాదీ, మా ఇంటి అరలో పక్కపక్కనే ఉండిపోయాయి. రాయమని నేను అడగలేదు, రాస్తానని ఆమె అనలేదు.

ఇవాళ పొద్దున సత్తెమ్మ ఏడో నంబరును నా ముందు పెట్టి, "చక్రం ఊడింది" అన్నది.

"ఈసారి నేను కాదు" అన్నాను.

అనేశాక గాని నాకు తెలియలేదు ఏమన్నానో. "ఎరుకే" అన్నది. "అప్పటిది గూడ ఎరుకే. మాటు చూడంగనే ఎరుకైంది. నేను రోజు తోమే గిన్నెలకు నీ మాట్లే ఉన్నయి గద."

"మరి అడగలేదేంది?"

"అన్ని నేనే అడగాల్నా?"

కుంపటి రాజేసి ఆ చక్రం అతికాను. పొగ కళ్ళలోకి పోయింది, అది పొగేనని ఆమెతో చెప్పాను కూడా. ఆమె లోపలికి వెళ్ళి, నా ఇంజను తెచ్చింది. కుంచె వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి. అగ్గిపుల్ల చివర సున్నంలో ముంచి, నా గీత గీసినట్టున్న తొట్టి మీద ఎనిమిది వేసింది. చూపు ఆనక వంకరగా వచ్చింది, ఒక సున్నా పెద్దది, ఇంకొకటి దానికి సగం. తడి ఆరకముందే సరిచేద్దామని నా చెయ్యి లేచింది. ఆపుకున్నాను.

ఇప్పుడవి రెండూ నా ఎదురుగా ఉన్నాయి. ఆమె ఏడు ఎంత చక్కగా ఉందో. అది మామ తన చేత్తో రాసినది. చూస్తుంటే నాకింకా కుళ్ళుగానే ఉంది.