సేటుగారికి తెలియని చేపలు

నా చిన్నప్పుడు ఏలూరు కాలువ రేవులో పడవ కనిపిస్తే చాలు, నాకు ఏడుపొచ్చేది. మాది కొల్లేటి మధ్య లంక. అక్కడ బడి మూడో తరగతితో సరి. అందుకని మా నాన్న నన్ను రేవు పక్కనే ఉన్న మేనత్తగారింట్లో దిగబెట్టి వెళ్ళారు. అత్తయ్య ఎంత ప్రేమగా వండిపెట్టినా ముద్ద దిగేది కాదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చేపల కూర మొహం మొత్తిందని పేచీ పెట్టినదాన్ని, ఇక్కడ ఆ కూర కోసమే బెంగపడ్డాను.

రేవు ఎదురుగా వలదారం, తాళ్ళు అమ్మే కొట్టు ఉండేది. ఎక్కడో కచ్ నుంచి వచ్చిన సేటుగారిది. భార్యా, కొడుకులూ, కోడళ్ళూ అందరూ ఆ కొట్టు పనే చేసేవారు. ఒకరోజు నేను బడి ఎగ్గొట్టి, మా లంక వైపు వెళ్ళే పడవలో బస్తాల వెనక నక్కాను. అది కదిలేలోపే సేటుగారు చూసి చెయ్యిపట్టుకుని దింపారు. ఆ పడవలో వెళ్ళిపోయి ఉంటే నా చదువు అంతటితో ఆఖరు. పారిపోయి వచ్చిన ఆడపిల్లను మా నాన్న మళ్ళీ బడికి పంపే మనిషి కాదు.

ఆయన తిట్టలేదు, అత్తయ్యకు చెప్పలేదు. "మా కొట్టుకి మీ లంకల వాళ్ళే వస్తారమ్మా. ఏ చేపకి ఏ వలో నాకు ఒక పట్టాన అర్థమవదు. రోజూ సాయంత్రం వచ్చి కాస్త చెప్పి పెడతావా?" అన్నారు.

ఇక నా గొప్ప చూడాలి! బడి వదలగానే తాళ్ళచుట్ట మీద కూర్చుని పాఠం మొదలుపెట్టేదాన్ని. కొర్రమీను ఎక్కడ దాక్కుంటుందో, జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎంత సలుపుతుందో, నామాలకోడి అనే నీటిపిట్ట ఏ తుంగలో గుడ్లు పెడుతుందో అన్నీ చెప్పేదాన్ని. ఆయన తప్పు చెబితే కసిరేదాన్ని కూడా. ఊరి కబుర్లు అలా కడుపారా చెప్పుకున్నాక ఇంటికెళ్తే అన్నం సహించేది. పడవల వంక చూడడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

మరుసటేడు ఒంటిపూట బళ్ళప్పుడు తొందరగా వెళ్ళాను. సేటుగారు ఒక చేపలాయనతో మాట్లాడుతున్నారు. ఏ చేపకు ఎంత పెద్ద కన్నులున్న వల కావాలో గుక్కతిప్పుకోకుండా చెబుతున్నారు. నేను పేరైనా వినని చేపలు కూడా ఆయనకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది. ఆ చేపలాయన వెళ్ళగానే, "అన్నీ తెలిసి నన్నెందుకండీ అడిగారు?" అని నిలదీశాను.

ఆయన చేతిలోని దారపుండను కాసేపు అటూ ఇటూ తిప్పారు. "ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్ళయిందమ్మా. తాడు గట్టిదేనా అని అడిగినవాళ్ళే గానీ, మీ ఊళ్ళో ఏ పిట్టలుంటాయని నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగితే బాగుండునని ఉండేది. అందుకే నిన్నడిగాను."

నా కోపం ఎటుపోయిందో! పక్కన కూర్చుని, "మీ ఊళ్ళో ఏ పిట్టలుంటాయండీ?" అన్నాను. ఆయన చెబుతూనే ఉన్నారు. సేటమ్మగారు భోజనానికి రెండుసార్లు కేకేశారు. మూడోసారి స్వయంగా పిలవడానికి వచ్చి, ఆవిడా అక్కడే కూర్చుండిపోయారు.

చదువుకుని టీచర్ని అయ్యాను, రిటైరయ్యాను. ఇప్పుడు కైకలూరులో ఉంటున్నాను. మా వీధిలోని ఐసు ఫ్యాక్టరీలో పనికి ఒడిశా నుంచి కుర్రాళ్ళు వస్తుంటారు. కొత్తగా ఎవరొచ్చినా వాళ్ళ ఊరి పిట్టల గురించి అడుగుతాను. మొదట నవ్వుతారు, తర్వాత చెప్పడం ఆపరు.

మా లంకలో ఇళ్ళున్న చోటంతా ఇప్పుడు చేపల చెరువులే. దాని గురించి నన్నెవరూ అడగరు. సేటుగారే ఉంటే, అన్నీ తెలిసి కూడా, ఏమీ తెలియనట్టు మళ్ళీ అడిగేవారు.