పక్కకు తిప్పని రాత్రి

మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో ఏడో అంతస్తు ఊడ్చి తుడవడం నీలమ్మ పని. ఆ మేడలు లేవకముందు అక్కడి గుండ్లను పగలగొట్టినవాళ్లలో ఆమె భర్త బాలనర్సయ్య ఒకడు. పాతికేళ్లు రాతికి బొక్కలు పెట్టి, మందు దట్టించి, నిప్పంటించి పరుగెత్తిన మనిషి. ఎవరైనా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించబోతే విదిలించుకునేవాడు. అరవై దాటాక పార్కిన్సన్స్ జబ్బు వచ్చి, ముందు చేతిలో చాయ్ కప్పు నిలవకుండా చేసింది. ఆ తర్వాత నడక తగ్గించింది. పగలు మాత్రల బలంతో ఎలాగో తిరిగేవాడు గానీ, రాత్రి మంచమెక్కాడంటే ఒళ్లు కొయ్యబారిపోయేది. ఏ పక్కన పడుకోబెడితే తెల్లారేదాకా ఆ పక్కనే. ముక్కు మీద దోమ వాలినా తోలుకోలేడు.

వాళ్లకు పిల్లలు కలగలేదు. హఫీజ్‌పేటలో ఒకే గది, గుమ్మం పక్కన స్టవ్. "నీలా" అని రాత్రుళ్లు సన్నగా పిలిచేవాడు. ఆ పిలుపుకే ఆమె లేచి, నడుము కింద చెయ్యి పెట్టి పక్కకు తిప్పేది. గంటన్నరకోసారి. పొద్దున ఆరింటికల్లా డ్యూటీ. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూనే లిఫ్టు ముందు కూలబడింది. "ఇంకోసారి గిట్లయితే పనికి రావద్దు" అన్నాడు సూపర్‌వైజర్.

అదే అంతస్తులో ఉన్న ఒక చిన్న కంపెనీ నడుముకు కట్టే బెల్టు తయారుచేస్తోంది. మనిషి నిద్రలో ఎన్నిసార్లు కదిలాడో, ఎటు తిరిగాడో అది పట్టేస్తుంది. పార్కిన్సన్స్ రోగులకు కట్టి పరీక్షిస్తున్నారని విని, తన భర్తకూ కట్టమని నీలమ్మ ఆ పని చూసే వర్షితను అడిగింది. భీమవరం పిల్ల, మర్యాదస్తురాలు. "తప్పకుండా అండి. డాక్టరు గారు కూడా చూస్తారు, ఏమీ ఇవ్వక్కర్లేదు" అంది.

వారం రోజులు బెల్టు కట్టాక డాక్టర్ పార్థసారథి రిపోర్టు చూశాడు.

"రాత్రి బాగానే పక్కలు మారుతున్నాడు కదమ్మా."

"మారేది ఆయన కాదు సారూ. నేనే తిప్పుత."

"ఎవరు తిప్పారో బెల్టుకు తెలియదు. రాత్రంతా పనిచేసే మాత్ర ఒకటుంది గానీ, అది గట్టిది. పీడకలలు వస్తాయి, మతి తప్పొచ్చు. అవసరం లేకుండా రాయలేను."

బయటికొచ్చాక వర్షిత ఒక దారి చెప్పింది. "ఒక్క రాత్రి మీరు ముట్టుకోకండి. నిజం దానంతటదే తెలుస్తుంది. ఆయనకు మాత్రం చెప్పొద్దండి. తెలిస్తే ఒళ్లు బిగబట్టి పెనుగులాడతారు, లెక్క తప్పుతుంది. ఊపిరాడకపోతే తప్ప లేవకండి."

ఆ రాత్రి నీలమ్మ ఎప్పటిలాగే అన్నం తినిపించి, మాత్రలు వేసి, బెల్టు కట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టింది. దీపం ఆర్పి స్టవ్ పక్కన పీట మీద కూర్చుంది.

పదకొండు దాటాక పిలిచాడు. "నీలా. జర తిప్పు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీలా, చెవి మండుతుందే." మళ్లీ పిలిచాడు. తర్వాత తిట్టాడు. ఆమెను, ఆమె పుట్టింటివాళ్లను, ఆమెను కట్టబెట్టిన పెద్దమనుషులను. ఆ తిట్లయ్యాక ఏడుస్తూ బతిమాలాడు. "నీ కాల్మొక్కుత. ఒక్కసారి తిప్పే." ముప్పయ్యేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు. ఉచ్చ పోసుకున్న వాసన వచ్చింది. లేవబోయి, బెల్టు మీద పచ్చలైటు చూసి మళ్లీ కూలబడింది. ఇప్పుడు లేస్తే ఇంతసేపు ఆయన పడ్డ బాధంతా మన్నుపాలు.

అప్పుడే గొంతులో కొంగు పోగు అడ్డుపడి దగ్గు వచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

మంచం మీద ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆ తర్వాత తెల్లారేదాకా ఆయన మళ్లీ పిలవలేదు.

పొద్దున తిప్పేసరికి చెంప మీద చాప అచ్చు పడి ఉంది. చెవి కమిలిపోయింది. ఆమె కడిగి, బట్టలు మారుస్తుంటే ఆయన పైకప్పు వైపే చూశాడు.

కంప్యూటర్లో గీత ఎక్కడా వంపు లేకుండా సాగింది. "చాలా బాగా వచ్చిందండి! ఇంత క్లీన్ డేటా ఎవరి దగ్గరా రాలేదు" అంది వర్షిత, ఆమె చెయ్యి పట్టుకుని ఊపుతూ. డాక్టర్ మారుమాట లేకుండా మాత్ర రాశాడు. పదిహేను రోజులకు బాలనర్సయ్య తనంతట తానే, మెల్లగా, పక్కకు ఒరగసాగాడు. బెల్టును ఇంకో రోగి కోసం తీసుకుపోయారు.

ఒక సాయంత్రం ఆయనకు గడ్డం గీస్తూ నీలమ్మ జరిగిందంతా చెప్పింది. మాత్ర కోసమే చేశానంది. తాళి మీద ఒట్టేసింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"దగ్గినవు" అన్నాడు. "ఇన్న."

ఆ తర్వాత చూడవచ్చిన చుట్టాలకు, ఆమె చాయ్ ఇస్తుండగానే, "పిలిస్తె పలకలే ఇది. గీడనే కూసొని చూసింది" అని చెప్పేవాడు. చుట్టాలు కప్పులోకి చూస్తూ తాగేవాళ్లు.

చలికాలం ముదిరాక ఒక రాత్రి మాత్ర పనిచేయలేదు. పొద్దున ఆమె లేచేసరికి ఆయన బోర్లా ఒరిగి, సగం ముఖం దిండులో కూరుకుపోయి, కళ్లు తెరిచే ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. గబగబా తిప్పి గుండెలు రాస్తూ, "పిలవొద్దా? నన్ను పిలవొద్దా?" అని ఏడ్చింది.

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు.

"పిలిస్తె వస్తవా?"

నీలమ్మ ఆ రోజు పనికి పోలేదు. ఆ రాత్రి నుంచే మళ్లీ గంటన్నరకోసారి లేస్తోంది. ఆయన పిలవడు. ఆమె తిప్పుతుంది. చెయ్యి తగలగానే ఆయన కళ్లు మూసుకుంటాడు.