చాక్లెట్ సిస్టుతో కాన్పు

నెలసరి వస్తే రెండు రోజులు నేల మీదే ముడుచుకుని పడుకునేదాన్ని. ఆడవాళ్లందరికీ ఇంతేననుకున్నాను. పెళ్లై నాలుగేళ్లయినా పిల్లలు కలగకపోవడంతో ఆస్పత్రికి వెళ్లాం. అప్పుడు మేం కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం.

స్కాన్ చూసిన బెంగాలీ డాక్టరమ్మ, ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్టు ఉందంది. ఇంటికొచ్చి చెబితే అత్త బిత్తరపోయింది.

"చాక్లెట్లెప్పుడు తిన్నావే నువ్వు?"

"తిండి కాదత్తా. పాత రగతం తిత్తిలో చేరి ఆ రంగులో ఉంటాదట."

"బయటికి పోకండా అక్కడికెందుకెల్లిందే?"

గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట కూడా పెరిగి, నెలనెలా రక్తం కారుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఎందుకలా పెరుగుతుందో ఆవిడకూ సరిగ్గా తెలిసినట్టు లేదు. తిత్తి తీసేస్తే నొప్పి తగ్గుతుందట, కానీ దాంతోపాటు మంచి అండాలు కొన్ని పోవచ్చట. ఉంచుకుంటే గర్భం రావచ్చు, రాకపోవచ్చు; కొన్నాళ్లు చూద్దామంది. హౌరాలో చూపించుకున్న ఇంకో డాక్టరుబాబు ముందు ఆపరేషనే అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు లోకల్ రైల్లో మా ఆయన్ని అడిగాను.

"ఏటి సేద్దాం?"

"ఇద్దరూ సదూకున్నోలే. నానెవుల్ని నమ్మాలి?"

చివరికి ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసుకున్నాం. ఆ రోజు రాకముందే నెల తప్పింది.

ఈసారి స్కాన్‌లో గింజంత బిడ్డ, పక్కన దానికంటే ఎంతో పెద్ద తిత్తి కనిపించాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"దీదీ, అది బిడ్డను నొక్కెయ్యదా?" అని వచ్చీరాని హిందీలో అడిగాను.

బిడ్డ గర్భసంచిలో ఉంది, తిత్తి బయట ఉంది, చాలామందికి ఏమీ కాదంది డాక్టరమ్మ. అంతలోనే, పగిలినా మెలిపడినా విపరీతమైన నొప్పి వస్తుంది, వెంటనే వచ్చెయ్యమంది. ఏమీ కాకపోతే పగలడమేమిటి?

బిడ్డ కదిలితే తిత్తి పగిలిందేమోనని, కదలకపోతే బిడ్డకేమైందోనని భయపడేదాన్ని. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం పక్కలో పోటు వస్తే అత్త నన్ను రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లింది. అది గ్యాసని తేలింది. దారిపొడుగునా అత్త నా చెయ్యి వదల్లేదు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. కాన్పు తర్వాత చూస్తే తిత్తి చిన్నదైంది. రెండేళ్లకు మళ్లీ పెరిగి, నొప్పి భరించలేక ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ తర్వాత మళ్లీ కడుపు పండలేదు.

అది తిత్తి వల్లనా, ఆపరేషన్ వల్లనా అని అడిగితే డాక్టరమ్మ చెప్పలేనంది. మా ఆయన ఇంకో డాక్టర్ని అడుగుదామన్నాడు. వద్దన్నాను.