చలమయ్య మాస్టారి కంపెనీ

చలమయ్య మాస్టారికి ఇంగ్లీషులో ఒక్క మాట మీద వల్లమాలిన ప్రేమ. ఆ మాట కంపెనీ. మా పల్నాట్లో ఒక హైస్కూల్లో (ఏ ఊరని అడక్కండి) ఆయన ఇంగ్లీషు చెప్పేవాడు. నేను డ్రిల్లు మాస్టర్ని, పేరు దావూద్. ఆయన క్లాసు కిటికీ ముందే నా క్లాసు, ఎండలో. అందుకని ఏటా ఆ కంపెనీ పాఠం నేనూ వినక తప్పేది కాదు.

"ఒరేయ్, కంపెనీ అంటే ఏందనుకున్నారు? నాటకాలాడే కంపెనీ ఒకటి. మన నెత్తినెక్కిన తెల్లోళ్ల కంపెనీ ఒకటి. బీడీల కంపెనీ ఒకటి. ఒంటిగా ఉన్నోడికి తోడు కూర్చున్నా కంపెనీయే. అదుగో, దావూద్ మాస్టారు పట్టాళంలో ఉన్నప్పటి సిపాయిల దండు, అదీ కంపెనీయే. మరి వీటన్నిటికీ పుట్టుక యాడరా?"

ఇక్కడ ఆగి, ఒక పట్టు ముక్కుపొడుం పీల్చి, అప్పుడు చెప్పేవాడు.

"లాటిన్లోరా! కామ్ అంటే కలిసి, పానిస్ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాళ్లే కంపెనీ. మన కారెంపూడి చాపకూడు లేదూ? కులం గిలం చూడకుండా వీరులంతా ఒక్క చాప మీద కూర్చుని తిన్లా? అదేరా ఇది!"

చెప్తూ చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకునేవాడు మహానుభావుడు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే, ఆ తడి ఆరకముందే, టీచర్ల గదిలో క్యారేజీ విప్పుతూ, "నెహెమ్యా, నువ్వు కాస్త అవతలకెళ్లి తినవయ్యా. మా ఇంట్లో పట్టింపులెక్కువ" అనేవాడు. ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల ఉంది. పట్టింపులు మాత్రం క్యారేజీతో పాటే వచ్చేవి.

నెహెమ్యా లెక్కల మాస్టారు. నాదెండ్ల వైపు మాలపల్లె నుంచి వచ్చినవాడు, క్రైస్తవుడు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నాకు ఒళ్లు మండే ఆ పాఠమంటే అతనికి ప్రాణం. "మా గుళ్లో కూడా ఒకే రొట్టె విరుచుకుని అందరం తింటాం దావూద్ భాయ్. మాస్టారి మనసు చానా మంచిది. ఇంట్లోవాళ్లకి జడుస్తాడంతే" అనేవాడు. నేను విజిల్ ఊదుకుంటూ పోయేవాణ్ణి.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో చలమయ్యగారు హెడ్మాస్టరయ్యాడు. దండలు, ఉపన్యాసాలు అయ్యాక, "మన స్కూలంతా ఒక కంపెనీ! ఆదివారం అందరూ మా ఇంట్లో భోజనం చెయ్యాలి" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెహెమ్యా కొట్టినంత గట్టిగా ఎవరూ కొట్టలేదు.

"చూశారా భాయ్! అందరూ అన్నాడు. ఈసారి మనం పంక్తిలో కూర్చుంటాం."

"ఆకేసిందాకా ఆగవయ్యా" అన్నాను.

ఆకులు వేశారు. సావిట్లో నిండుగా ఒక పంక్తి. మా ఇద్దరికి మాత్రం గొడ్లపాక పక్కన చూరు కింద రెండు విస్తళ్లు. నాకూ జరిగిందండోయ్ మర్యాద! హెడ్మాస్టరుగారు స్వయంగా నెయ్యి పట్టుకొచ్చి, గరిటె మా ఆకులకు ఎక్కడ తగులుతుందోనని మూరెడు ఎత్తు నుంచి ధార పోశాడు. "మొహమాటపడొద్దు. మన కంపెనీయే కదా, అడిగి వేయించుకోండి" అన్నాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. అదే నాకు మరీ మండింది. నెహెమ్యా తలెత్తలేదు. వడ్డించిందంతా తిన్నాడు.

మా వైపు ఒక పద్ధతుంది. పంక్తిలో తిన్నవాళ్ల ఆకులు పనిమనిషి తీస్తుంది. బయట తిన్నవాళ్లు తమ ఆకు తామే ఎత్తి గోడవతల పారేసి, తిన్న చోట నీళ్లు చల్లి పోవాలి. ఎవరూ చెప్పక్కర్లేదు, పుట్టుకతోనే తెలుస్తుంది. నెహెమ్యా లేచాడు, చెయ్యి కడుక్కున్నాడు, ఆకు అక్కడే వదిలేసి వీధి గుమ్మం వైపు నడిచాడు.

"ఎత్తవయ్యా, పర్మనెంటు కాగితం ఆయన చేతిలో ఉంది" అని గొణిగాను.

"మీరెత్తితే ఎత్తండి భాయ్. నా వల్ల కాదు."

నాకు మాత్రం వంగబుద్ధవుతుందా? నేనూ లేచాను.

"నెహెమ్యా, విస్తరి!" అని వెనక నుంచి హెడ్మాస్టరుగారి కేక.

అతను తిరిగి చూశాడు. "సావిట్లో ఆకులు ఎవరు తీస్తున్నారో వాళ్లే తీస్తారు లెండి మాస్టారూ."

పనిమనిషి, "అయ్యా, అయి నేను ముట్టను" అని వెనక్కి జరిగింది. లోపల్నుంచి ఇల్లాలు ఆదిలక్ష్మమ్మగారు, "ఏమండీ, ఆ ఎంగిలాకులేంది? గొడ్లు వచ్చే వేళయింది" అని కేకేసింది. పంక్తిలోవాళ్లంతా తాంబూలాలు నముల్తూ సావిడి గుమ్మంలో చేరి చూస్తున్నారు. చివరికి లాటిన్ తెలిసిన ఆ మహానుభావుడే పంచె ఎగ్గట్టి, రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, రెండాకులూ మోసుకెళ్లి పారేశాడు. అటు నుంచి అటే నూతి దగ్గరకు స్నానానికి పోయాడు.

నేను దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాను. నెహెమ్యా నవ్వలేదు.

"రాహేలుకి ఏం చెప్పను భాయ్? పంక్తిలో కూర్చోబోతున్నానని చెప్పి వచ్చా. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది."

"కూర్చున్నానని చెప్పెయ్. మీ ఆవిడ వచ్చి చూసిందా ఏంది?"

తల అడ్డంగా ఊపాడు.

"ఆకు ఎత్తకుండా వచ్చానని చెప్తా" అన్నాడు.