మెడలో పప్పుగుత్తి

నాకు కుదురు లేదు. మా అమ్మ ఎప్పుడూ అనేది, నీ కాళ్ళకు చక్రాలున్నాయే అని. ఆ శనివారం పొద్దున మరీ ఘోరం. తుడిచిన స్టవ్వే మళ్ళీ తుడిచాను, ఆరిన బట్టలు మడతపెట్టి విప్పి మళ్ళీ మడతపెట్టాను. కారణం మా అమ్మాయి. పదేళ్ళది. మూడు వారాలుగా నాతో మాట్లాడటం మానేసింది. తెలుగులో అడిగితే తల ఊపుతుంది, ఇంగ్లీషులో అడిగితే భుజాలు ఎగరేస్తుంది. వర్జీనియాలోని ఈ షాంటిలీలో ఊరి పిల్లలందరికీ మాటలు నేర్పే మనిషిని, కన్నకూతురి నోట ఒక్క మాట రప్పించలేకపోతున్నాను. ఏడుపొచ్చేది.

ఆదివారాలు మా బేస్‌మెంట్‌లో ఎనిమిదిమంది పిల్లలకు తెలుగు చెబుతాను. అందరూ ఇక్కడ పుట్టినవాళ్ళే. నాకు వినపడేలా "ఆంటీ, అయిపోయింది" అంటారు, నేను అటు తిరగ్గానే ఇంగ్లీషులోకి దూకుతారు. అరిచాను, బతిమాలాను, చాక్లెట్లు పెట్టాను. ఏదీ పని చేయక ఒక ఆట పెట్టాను. వాడకుండా పడున్న పప్పుగుత్తికి తాడు కట్టాను. ఎవరి నోట ఇంగ్లీషు ముక్క వస్తే వాళ్ళ మెడలో అది పడుతుంది. ఇంకొకరు ఇంగ్లీషు మాట్లాడుతుంటే పట్టుకుని, వాళ్ళ మెడలో వేసి తప్పించుకోవచ్చు. క్లాసు అయ్యేసరికి ఎవరి దగ్గరుంటే వాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడి పద్యం అప్పజెప్పాలి. "సూపర్ ఐడియా అండీ! మావాడు ఇంట్లో కూడా జాగ్రత్తగా మాట్లాడుతున్నాడు" అందొక తల్లి. నేను పొంగిపోయాను.

ఒకరోజు మా అమ్మాయి "వెయిట్" అని దొరికిపోయింది. అంతే, ఆ పప్పుగుత్తి ఇక దాని మెడ దిగలేదు. చుట్టూ పిల్లలు గుసగుసగా ఇంగ్లీషు వాగుతూనే ఉన్నారు, గదికి ఆ చివరనున్న నాక్కూడా వినిపిస్తోంది. ఇది ఉలకదు, పలకదు. వరసగా మూడు ఆదివారాలు టీచరు కూతురే మెడలో తాడుతో కూర్చుంటే నాకు తల కొట్టేసినట్టయింది. వంటింట్లో నిలదీశాను. "నీకు చెవుల్లేవా? పక్కనవాడు అంతసేపు ఇంగ్లీషులో వాగాడు కదే! పట్టుకోవేం?" తల వంచుకుంది. "మొద్దావతారం" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ శనివారం దానికి బడి ప్రాజెక్టు ఒకటుంది. వేరే దేశంలో చదువుకున్న పెద్దవాళ్ళనెవరినైనా కలిసి, వాళ్ళ బడి గురించి అడిగి రాసుకురావాలి. నన్ను అడుగుతుందేమో అని రెండు రోజులు ఆశగా చూశాను. అడగలేదు. మా ఇంటికి రెండిళ్ళవతల ఉండే కెన్యా పెద్దావిడను అడిగింది. ఆవిడ నర్సుగా చేసి రిటైరయింది, డెబ్భై అయిదు దాటి ఉంటాయి. ఒళ్ళు మండినా, తోడుగా నేనూ వెళ్ళాను.

ఆవిడ పాలు పోసి మరిగించిన టీ అచ్చం మా ఇంట్లో టీలాగే ఉంది. నా కాలు బల్లకింద ఆడుతూనే ఉంది. "మీ అమ్మ ఏదైనా బస్సు ఎక్కాలా?" అంది ఆవిడ ఇంగ్లీషులో. మా అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులయింది.

ఆవిడ చిన్నప్పుడు కెన్యాలో, బ్రిటిష్ వాళ్ళ పాలనలో బళ్ళు మూడు రకాలట. తెల్లపిల్లలకి ఒకటి, ఇండియన్ పిల్లలకి ఒకటి, ఆవిడలాంటి ఆఫ్రికన్ పిల్లలకొకటి. "మీ వాళ్ళ బడి కిటికీలకు అద్దాలుండేవి. మా బడికి గోడలో కంతలు" అంది, నన్ను చూసి నవ్వుతూ. ఇంగ్లండు రాజుల పేర్లన్నీ వరసగా ఒప్పజెప్పేదట. మంచు కురవడం మీద వ్యాసం రాసి మెప్పు కూడా పొందిందట, మంచును మాత్రం ఈ వర్జీనియా వచ్చాకే చూసింది. నాలుగో తరగతి చివర ఒక పరీక్ష ఉండేది. అది తప్పితే చదువు అక్కడితో సరి. వాళ్ళక్క అక్కడే ఆగిపోయింది.

"ఇంకొకటి ఉండేది" అంది. "చెక్కబిళ్ళ. మా భాష మాట్లాడినవాళ్ళ మెడలో వేసేవారు. ఇంకొకరు మాట్లాడితే వాళ్ళకిచ్చేయాలి. సాయంత్రం ఎవరి దగ్గరుంటే వాళ్ళకి బెత్తం దెబ్బలు. టీచరు మమ్మల్ని కనిపెట్టి చూడాల్సిన పనే లేదు. మేమే ఒకరినొకరం కనిపెట్టుకునేవాళ్ళం."

నా కాలు ఆగిపోయింది. మా అమ్మాయి బ్యాగు జిప్పు తీసింది. పప్పుగుత్తిని బయటకు తీసి, తాడుతో సహా బల్లమీద పెట్టింది. "మా దగ్గర కూడా ఉంది. మా అమ్మ పెట్టింది" అంది ఇంగ్లీషులో, కోపం లేకుండా, హోంవర్కు చూపించినట్టు.

నిలువునా నీరైపోయాను. "అది ఆటండీ, ఊరికే ఆట" అని ఏదో గొణిగాను. పెద్దావిడ దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. "దీనితో ఏం చేస్తారు?" అని అడిగింది. ఉడికిన పప్పు మెదుపుతాం అన్నాను. "మంచి వస్తువు" అని దాన్ని పిల్లకివ్వకుండా నా చేతికిచ్చింది.

బయటికొచ్చాక నడుస్తూనే ఆ తాడు ముడి విప్పబోయాను. రాలేదు. పళ్ళతో కొరికాను. మా అమ్మాయి పక్కనే నడుస్తోంది.

"మూడు వారాలు ఎందుకే ఎవరికీ ఇవ్వలేదు?" అన్నాను.

తెలుగులో చెప్పింది, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "నేను ఇస్తే వాడు శాడ్ అవుతాడు. తర్వాత వాడు ఇంకో పిల్లకి ఇస్తాడు. నా దగ్గర ఉంటే ఎవ్వరికీ రాదు కదా."

నేను దీన్ని మొద్దావతారం అన్నాను. ఛీ, నా నోరు పడిపోను. ఆ ఫుట్‌పాత్ మీదే ఆగి, ఎవరికీ చెప్పనిది చెప్పాను. ఖమ్మంలో మా ఇంగ్లీషు మీడియం బడిలోనూ ఒక చెక్క ఉండేది. తెలుగు మాట్లాడితే మెడలో వేసేవారు. మూడో తరగతిలో ఒకరోజు అది నా మెడలో ఉంది. ఆఖరి గంట కొట్టబోతున్నారు. గంట కొట్టేటప్పటికి ఎవరి దగ్గరుంటే వాళ్ళ వేళ్ళమీద స్కేలు దెబ్బలు. నా పక్కన నా ప్రాణ స్నేహితురాలు నోరు గట్టిగా మూసుకుని కూర్చుంది. దాని తొడ మీద గట్టిగా గిల్లాను. "అమ్మా" అంది. వెంటనే దాని మెడలో వేసేశాను.

"మమ్మీ, నొప్పి వచ్చి అంది. అది కౌంట్ అవదు."

"అయింది. దానికి దెబ్బలు పడ్డాయి."

"తర్వాత ఆ అమ్మాయి ఏం అంది నీతో?"

"ఏమీ అనలేదు. పదో తరగతి దాకా ఒకే క్లాసులో ఉన్నాం. మళ్ళీ నాతో మాట్లాడలేదు."

మా అమ్మాయి నా చేతిలోని పప్పుగుత్తిని చూసింది. "ఇంగ్లీష్‌లో కూడా?"

"ఇంగ్లీషులో కూడా."