రుక్మిణి వంతు నీళ్ళు

1961లో నేను బెంగళూరు కబ్బన్‌పేటలోని ఒక తెలుగు ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి టీచరును. పిల్లలు ఎక్కువమంది నేతగాళ్ళ బిడ్డలు. బీ.ఏ. చదివి, ట్రైనింగ్ ముగించుకుని కొత్తగా వచ్చానేమో, నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

పిల్లలకు పరోపకారం అలవాటు చేయాలని గోడమీద ఒక చార్టు పెట్టాను. చార్టు అంటే పేర్లూ గళ్ళూ గీసిన పెద్ద అట్ట. ఎవరికైనా సాయం చేసి వచ్చి చెబితే పేరు ముందర ఎర్ర కాగితపు నక్షత్రం అంటిస్తాను. శనివారం ప్రార్థనలో ఎక్కువ నక్షత్రాలున్న పిల్లకు బ్యాడ్జి. హెడ్‌మిస్ట్రెస్ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా తరగతిలో రుక్మిణికి పోలియో వచ్చి ఎడమ కాలికి కాలిపర్ ఉండేది, అంటే కాలు నిలబెట్టే ఇనుప కడ్డీల పట్టీ. తరగతికి తాగే నీళ్ళు రోజుకొక పిల్ల వంతున పెరటి కొళాయి నుంచి తేవాలి. గురువారం రుక్మిణి వంతు. బిందె మోయలేక చెంబుతో పదిసార్లు తిరిగి తరగతి కుండ నింపేది. చార్టు వచ్చాక ఆ చెంబు ఆమె చేతిలో నిలవలేదు. ఒకనాడు గుమ్మం దగ్గర ఇద్దరు పిల్లలు ఆమె సంచీ పట్టుకుని లాగుతున్నారు.

"నిన్న నువ్వే పట్టుకొంటివి కదే. ఈ పొద్దు రుక్మిణి నాది."

"నేను పొద్దున్నే చెప్పి పెట్టుకొన్యా."

ఆ గుంజులాటలో రుక్మిణి పడింది. పలక పగిలింది. ఆమెను లేపడానికి ఐదుగురు పోటీపడ్డారు. లేపినందుకు నక్షత్రం అడిగారు. సిగ్గులేకుండా నేను అంటించాను.

తర్వాత నాలుగు రోజులు ఆమె రాలేదు. వాళ్ళింటికి వెళ్ళాను. రుక్మిణి రాట్నం ముందు కూర్చుని నేతకు దారపు కండెలు చుడుతోంది.

"ఇస్కూలుకు పోనంటాది టీచరమ్మా," అంది తల్లి, మగ్గం మీదున్న భర్త వైపు చూస్తూ. "వాళ్ళప్ప కూడా ఇంట్లోనే ఉండనీ అంటా ఉండాడు. కండెలు చుట్టేదానికి కాలెందుకు, చెయ్యుంటే సాలంట."

ఎందుకు రావడంలేదని రుక్మిణినే అడిగాను. రాట్నం ఆపకుండానే చెప్పింది.

"చార్టులో నా పేరు ముందర ఒగటీ లేదు కదా టీచర్. అందరికీ నేను దొరికితిని. నాకెవరు దొరుకుతారు?"

"చార్టు తీసేస్తాను. గురువారం నీళ్ళు నువ్వే తేవాలి," అన్నాను.

"వాళ్ళు చెంబు లాక్కుంటే?"

"లాక్కోరు."

మగ్గం గుంతలోంచి తండ్రి తలెత్తకుండా అన్నాడు: "ఒక వారం చూస్తా. మళ్ళా ఏడ్చుకుంటా వస్తే ఇంక పంపేది లేదు."

మరునాడు హెడ్‌మిస్ట్రెస్‌తో చార్టు తీసేస్తానన్నాను.

"ఎల్లుండి ఇన్‌స్పెక్షన్ పెట్టుకుని తీసేస్తావా అమ్మా? ఆ కుంటిపిల్లని కూడా రప్పించు. ఇన్‌స్పెక్టరుగారి ముందు నలుగురు పిల్లలు చేయి పట్టి మెట్లెక్కిస్తే చూడముచ్చటగా ఉంటుంది."

"దానికో పేరుంది మేడమ్," అన్నాను. తరగతికి వెళ్ళి పిల్లల ముందే చార్టు చింపేశాను. సాయంత్రానికి మెమో వచ్చింది, అంటే సంజాయిషీ అడిగే కాగితం. తప్పు నాదేననీ, ఆ తప్పు చార్టు పెట్టడమేననీ రాసిచ్చాను.

చార్టూ రుక్మిణీ లేకుండానే ఇన్‌స్పెక్షన్ అయిపోయింది. గురువారం రుక్మిణి వచ్చింది. నీళ్ళకు వెళ్ళేముందు పిల్లలకు ఒకటే చెప్పాను: కావాలా అని అడగండి, వద్దంటే కూర్చోండి. ముందు బెంచీ పిల్ల అడిగింది. "వద్దు," అంది రుక్మిణి. కాలిపర్ టకటకమంటూ పెరట్లోకి పోవడం, రావడం. ఎండ మండిపోతోంది. ఇద్దరు ముగ్గురు లేవబోయి నావైపు చూసి కూర్చున్నారు. పదో చెంబు పోసి మూత పెట్టాక, అందరికంటే ముందు నాకు గ్లాసు తెచ్చిచ్చింది.

ఇప్పుడు నాకు నాలుగేళ్ళ కూతురుంది. ఇరుగుపొరుగు పిల్లలకు ఏదైనా చేసి వచ్చి, మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకి చూస్తుంది. అదే చూపు కబ్బన్‌పేట పిల్లలకు నేర్పింది నేనే. మా పాపను ఒకటే అడుగుతాను: "వాళ్ళను అడిగే చేశావా?"